తుఫాను రోజుల్లో గ్రూపులో ఏం రాయాలి, ఎలా రాయాలి

బంగాళాఖాతంలో ఏ చిన్న కదలిక కనిపించినా విశాఖలో ఫోన్లన్నీ ఒకేసారి మోగడం మొదలవుతుంది. వాట్సాప్‌లో అపార్ట్‌మెంట్ గ్రూపు, వీధి గ్రూపు, స్కూలు తల్లిదండ్రుల గ్రూపు, బోటు యజమానుల గ్రూపు, ఎక్కడ చూసినా అదే మాట. ఆ మెసేజ్‌లు చదివేవాళ్లలో గాజువాకలో షిఫ్టు దిగి బండి మీద మధురవాడ వెళ్లాల్సిన మనిషి ఉంటాడు. ఆరిలోవ కొండవాలులో రేకుల ఇంట్లో చంటిపిల్లతో ఉన్న తల్లి ఉంటుంది. పెదజాలారిపేటలో తెప్పను ఇంకాస్త పైకి లాగాలా అని చూస్తున్న మత్స్యకారుడు ఉంటాడు. మీరు రాసిన పదాన్ని బట్టి వాళ్లు బయల్దేరతారు, లేదా ఆగిపోతారు. అందుకే తుఫాను రోజుల్లో పదాన్ని దాని అర్థంలో వాడటమే మొదటి మర్యాద అంటాను. మిగతా మర్యాదలన్నీ దాని తర్వాతే.

సముద్రం ప్రశాంతంగా ఉన్నప్పుడే ఇది ఒకసారి చదివి పెట్టుకోండి. గాలి మొదలయ్యాక తడుముకోనక్కర్లేదు.

1. ఉన్నదాన్ని దాని పేరుతోనే పిలవండి

ఉపగ్రహ చిత్రంలో మబ్బుల సుడి కనిపించగానే "తుఫాను వచ్చేస్తోంది" అని రాసేయకండి. భారత వాతావరణ శాఖ గాలి వేగాన్ని బట్టి పేరు మారుస్తుంది. మొదట ఉపరితల ఆవర్తనం, అంటే పైన గాలి సుడి తిరగడం. దాని ప్రభావంతో కింద పీడనం తగ్గితే అల్పపీడనం. గాలి గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62కి చేరితేనే తుఫాను. ఆపైన 89 దగ్గర తీవ్ర తుఫాను, 118 దగ్గర అతి తీవ్ర తుఫాను, 167 దగ్గర అత్యంత తీవ్ర తుఫాను, 222 దగ్గర సూపర్ సైక్లోన్.

ఇవన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. 62 ఒక్కటి గుర్తుంచుకోండి. అంతకు తక్కువైతే అది తుఫాను కాదు, దానికి పేరూ ఉండదు. 13 దేశాలు ఇచ్చిన జాబితాలోంచి ఢిల్లీలోని వాతావరణ శాఖ కేంద్రం వరుసగా పేరు తీసి పెడుతుంది, అదీ తుఫానుగా మారాకే. ఇంకా అల్పపీడనంగా ఉండగానే "ఫలానా తుఫాను" అని మెసేజ్ తిరుగుతుంటే అందులోని మిగతా మాటలనూ అనుమానంగానే చూడండి.

"ఆఁ, వాయుగుండమే కదా" అని తేలిగ్గా రాయడమూ అంతే ప్రమాదం. ఈ పేర్లన్నీ గాలిని బట్టి పెట్టినవి. వానకూ వాటికీ నేరుగా లెక్క కుదరదు. నెమ్మదిగా కదిలే వాయుగుండం ఒకేచోట రోజంతా కురిసి కాలనీలు ముంచేయగలదు. కాబట్టి గాలి సంగతి ఒక వాక్యంలో, వాన సంగతి ఇంకో వాక్యంలో రాయండి. "పెను తుఫాను" అనే మాటను ఒక్కొక్కరు ఒక్కో స్థాయికి వాడుతుంటారు. పక్కన గాలి వేగం అంకె లేకుండా ఆ మాట రాయకపోవడమే మంచిది.

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న అది విశాఖ దగ్గరే తీరం దాటింది. ఈ ఊళ్లో ఆ రోజును మరిచిపోయినవాళ్లు లేరు. ఆ వారమంతా కరెంటు లేక, నీళ్లు లేక గడిపినవాళ్లూ, ఇంటి పైకప్పు ఎగిరిపోయినవాళ్లూ మీ గ్రూపులో ఉంటారు. "మళ్లీ హుద్‌హుద్ లాంటిదే" అన్న వాక్యం వాళ్లకు ఎంత భయం పుట్టిస్తుందో ఆలోచించి రాయండి. పోల్చి తీరాలనుకుంటే అంకెలతో పోల్చండి. ఆ పోలికలో ఇంకో చిక్కు ఉంది. హుద్‌హుద్‌ను అప్పట్లో వాతావరణ శాఖ అతి తీవ్ర తుఫాను అంది. అత్యంత తీవ్ర తుఫాను అనే స్థాయిని చేర్చిందే 2015లో. పాత పేరునూ కొత్త పేరునూ పక్కపక్కన పెట్టి "ఇది దానికంటే పెద్దది" అని తేల్చేస్తే లెక్క తప్పుతుంది.

2. ఏ వేగం, ఏ దిక్కు అన్నది విడమర్చండి

గ్రూపుల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే పుడుతుంది. వాతావరణ శాఖ బులెటిన్‌లో రెండు వేగాలుంటాయి. ఒకటి తుఫాను మొత్తంగా కదిలే వేగం, సాధారణంగా గంటకు పది, పదిహేను కిలోమీటర్లు. రెండోది దాని చుట్టూ వీచే గాలి వేగం. "15 కిలోమీటర్ల వేగంతో వస్తోందట, ఏమీ ఉండదు" అని ఎవరైనా రాశారంటే మొదటిది చూసి రెండోది అనుకున్నారన్నమాట. గాలి వేగంలోనూ మళ్లీ రెండు అంకెలు. కాసేపు నిలకడగా వీచే వేగం ఒకటి, మధ్యమధ్యలో విసిరికొట్టే ఈదురు గాలి వేగం ఇంకొకటి. రెండో అంకెనే పట్టుకుని అదే అసలు వేగమన్నట్టు రాయకండి. ఓడలవాళ్లకిచ్చే బులెటిన్‌లో నాట్లలో ఉంటుంది. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. మార్చి రాయండి.

దిక్కుల సంగతి ఇంకా జాగ్రత్త. తుఫాను "వాయవ్యంగా కదులుతోంది" అంటే వాయవ్యం వైపుకు వెళ్తోందని. "ఈశాన్య గాలి" అంటే ఈశాన్యం నుంచి వస్తున్న గాలి. ఒకటి పోయే దిక్కు, ఇంకొకటి వచ్చే దిక్కు. ఏ గోడవైపు కిటికీలు బిగించుకోవాలో దీన్ని బట్టే తెలుస్తుంది కాబట్టి, "ఈశాన్యం నుంచి వీచే గాలి" అని పూర్తిగా రాయడానికి బద్ధకించకండి.

"కాకినాడ దగ్గర దాటుతుందట, మనకేం లేదు" అన్న మాట ప్రతిసారీ వినిపిస్తుంది. మన అర్ధగోళంలో తుఫాను చుట్టూ గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. వాయవ్యంగా వెళ్తూ కాకినాడ దగ్గర తీరం తాకే తుఫానుకు విశాఖ కుడివైపున ఉంటుంది. ఆ కుడివైపునే గాలి సముద్రం మీంచి ఒడ్డుకు బలంగా తోసుకొస్తుంది. తుఫాను ఎంత దూరంలో ఉందో, ఎంత విస్తరించిందో చూడకుండా "మనకేం లేదు" అనేంత ధీమా ఎవరికీ ఇవ్వకండి.

3. "తీరం దాటింది" అని రాసేముందు ఆగండి

తీరం దాటడమంటే తుఫాను కేంద్రం నేల మీదికి రావడం. దాని చుట్టూ ఉన్న మేఘం, గాలి వందల కిలోమీటర్లు విస్తరించి ఉంటాయి. కేంద్రం రాకముందే గంటల తరబడి గాలి వీస్తుంది, దాటాకా వీస్తుంది. "దాటేసింది, ఇక భయం లేదు" అన్న మెసేజ్ చూసి బయటికొచ్చినవాళ్ల మీద చెట్టుకొమ్మ విరిగిపడొచ్చు.

బలమైన తుఫానుల్లో ఇంకో పెద్ద ప్రమాదముంది, కన్ను. అంటే తుఫాను నడిమధ్య గాలి లేని చోటు. ఆ కన్ను మీ పైనుంచి వెళ్తున్నప్పుడు గాలి హఠాత్తుగా ఆగిపోతుంది. ఒక్కోసారి ఆకాశం తేటపడినట్టు కూడా ఉంటుంది. కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా విరుచుకుపడుతుంది. ఉదయమంతా ఒకవైపు ఒరిగిన చెట్టును అది రెండోవైపుకు లాగి పడేస్తుంది. గాలి ఆగగానే గ్రూపులో రాయాల్సింది ఒక్కటే: "ఇది కన్ను కావొచ్చు, అధికారిక సమాచారం వచ్చేదాకా ఎవరూ బయటికి రావొద్దు."

ఉప్పెన అనే మాట కూడా ఊరికే వాడొద్దు. తుఫాను గాలి నీటిని తోయడం వల్ల సముద్రమట్టం పెరిగి ఊళ్ల మీదికి రావడం ఉప్పెన. ఆర్కే బీచ్‌లో అల రోడ్డు మీదికి ఎగిసిపడితే అది పెద్ద అల. భూకంపం వల్ల వచ్చేది సునామీ. 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది ఉప్పెన. ఆ చరిత్ర ఉన్న తీరంలో ఆ పదం బరువు వేరు.

అంచనా మారినప్పుడు కూడా సరైన మాట వెతకండి. 2021 డిసెంబరులో జవాద్ తుఫాను ఉత్తరాంధ్ర, ఒడిశా తీరం వైపు వచ్చి, సముద్రం మీదే బలహీనపడి వాయుగుండం స్థాయికి దిగిపోయింది. అలాంటప్పుడు "అంతా అబద్ధం, భయపెట్టారు" అని రాయడం తప్పు. "బలహీనపడింది" అని రాయండి. దిశ మార్చుకుంటే "దారి మళ్లింది" అనండి. జాగ్రత్త చెప్పినవాళ్లను ఎగతాళి చేస్తే, వచ్చేసారి నిజంగా వచ్చినప్పుడు చెప్పేవాళ్లూ ఉండరు, వినేవాళ్లూ ఉండరు.

4. వానకు కొలత ఉంది, అలర్ట్‌కు జిల్లా ఉంది

24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు పడితే భారీ వర్షం. 204.4 వరకు అతి భారీ. ఆపైన అత్యంత భారీ. ఈ 24 గంటలు ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు. మీ వీధిలో గంటసేపు కుండపోత కురిసినా వెంటనే "అతి భారీ వర్షం నమోదైంది" అనకండి, నమోదు కావడానికి కొలత కావాలి. "క్లౌడ్‌బర్స్ట్" అయితే అసలే వద్దు. గంటలో పది సెంటీమీటర్లు పడితే వాడే మాట అది. మిల్లీమీటర్లు, సెంటీమీటర్లు కలిపేసుకోకండి. పది రెట్ల తేడా.

"ఒకటి రెండు చోట్ల", "కొన్ని చోట్ల", "చాలా చోట్ల" అనేవి బులెటిన్‌లో అలంకారాలు కావు. వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతు వరకు వాన పడితే ఒకటి రెండు చోట్ల, సగం వరకు అయితే కొన్ని చోట్ల, ముప్పావు వంతు వరకు అయితే చాలా చోట్ల. ఆ ముక్క తీసేసి "విశాఖలో అతి భారీ వర్షం" అని కోసి పంపితే, సీతమ్మధారలో చినుకు పడనివాళ్లు వాతావరణ శాఖను తిడతారు. అదే సమయంలో భీమిలిలో గెడ్డ పొంగుతుండొచ్చు.

రంగులు: ఎల్లో అంటే గమనిస్తూ ఉండండి, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండి, రెడ్ అంటే చర్య తీసుకోండి. ఇవి జిల్లాల వారీగా ఇస్తారు. 2022 ఏప్రిల్ 4 నుంచి మన పాత జిల్లా మూడైంది. నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉంది, పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. అలవాటు కొద్దీ అన్నిటినీ "విశాఖ జిల్లా" అనేస్తే రెడ్ అలర్ట్ ఒక చోటిది ఇంకో చోటికి అంటుకుంటుంది. స్కూలు సెలవులతో ఇది ప్రతి ఏడూ జరిగేదే. కలెక్టర్ ఉత్తర్వు ఏ జిల్లాది, ఏ తేదీది అన్నది చూడకుండా "రేపు సెలవు" అని పంపకండి. పిల్లల్ని ఇంట్లో వదిలి పనికి పోయే తల్లిదండ్రులకు అది చిన్న విషయం కాదు.

5. పోర్టు నంబర్లు

"విశాఖ పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని చూడగానే చాలామంది కంగారుపడతారు. ఈ సూచికలు ముఖ్యంగా ఓడల కోసం, బోట్ల కోసం. 1, 2 దూరంగా సముద్రంలో ఉన్నదాని గురించి చెబుతాయి. 3, 4 పోర్టు దగ్గరి వాతావరణం గురించి. ప్రమాదం అన్న మాట నిజానికి 5 నుంచి మొదలవుతుంది, 8 నుంచి మహా ప్రమాదం. ఇందులో చాలామందికి తెలియనిది ఒకటుంది. 8, 9, 10 మూడూ ఒకే తీవ్రత. తుఫాను పోర్టుకు ఏ పక్కనుంచి దాటుతుందో చెప్పడానికే నంబరు మారుతుంది, పదోది పోర్టు మీదుగా లేదా దగ్గరగా దాటేదానికి. 5, 6, 7 కూడా అంతే. "ఎనిమిది నుంచి తొమ్మిదికి పెంచారు, ఇంకా ముదిరింది" అని రాస్తే అర్థం మారిపోయినట్టే. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

6. సమయం, మూలం లేకుండా ఏదీ పంపకండి

తుఫాను దశకు చేరాక బులెటిన్లు మూడు గంటలకోసారి వస్తాయి. పొద్దున్న నిజమైనది సాయంత్రానికి పాతబడుతుంది. అందుకని మెసేజ్ మొదట్లోనే సమయం రాయండి. యూటీసీ అని ఉంటే ఐదున్నర గంటలు కలపండి. 12 యూటీసీ అంటే మనకు సాయంత్రం 5.30. ఒక మంచి మెసేజ్ ఇలా ఉంటుంది, అంకెలు నమూనాకే:

"విశాఖ తుఫాను హెచ్చరికల కేంద్రం, మధ్యాహ్నం 2.30 సమాచారం. తీవ్ర వాయుగుండం విశాఖకు ఆగ్నేయంగా 320 కి.మీ. దూరంలో ఉంది. వాయవ్యం వైపు గంటకు 12 కి.మీ. వేగంతో కదులుతోంది. కేంద్రం చుట్టూ గాలి 50 నుంచి 60, ఈదురుగా 70 కి.మీ. సాయంత్రం బులెటిన్ చూసి మళ్లీ రాస్తాను."

గాలి, వాన మ్యాపు మీద చూపే విండీ యాప్‌లోని బొమ్మ పంపాలనుకుంటే అది వాతావరణ శాఖ అంచనా కాదని, ఒక కంప్యూటర్ మోడల్ లెక్క మాత్రమేనని రాయండి. అమెరికా మోడలా, యూరప్ మోడలా, ఎప్పటి లెక్క అన్నది కూడా. పది రోజుల తర్వాతి ఎర్రటి సుడి రేపటి లెక్కకే మాయమైపోవచ్చు.

రెండు బాణాల గుర్తుతో "చాలాసార్లు ఫార్వర్డ్ చేసినది" అని వచ్చిన మెసేజ్‌ను మీ దగ్గరే ఆపండి. పాత వీడియోలు ప్రతి తుఫానుకూ కొత్తవై తిరుగుతాయి. విపత్తు గురించి తప్పుడు హెచ్చరిక సృష్టించి లేదా పంచి జనాన్ని భయపెడితే 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు ఉంది. కేసు సంగతి అటుంచితే, నిద్ర లేక భయపడుతున్న పెద్దవాళ్లు ఆ వీడియో చూస్తారన్నది ఆలోచించండి.

7. మీ వీధి కబురు ఎలా రాయాలి

మీరు కళ్లారా చూసింది ఏ బులెటిన్‌లోనూ దొరకదు. దాని విలువ చాలా ఎక్కువ, కానీ నాలుగు విషయాలుండాలి: ఎక్కడ, ఎన్నింటికి, ఏం చూశారు, మీరే చూశారా లేక ఎవరైనా చెప్పారా. "గోపాలపట్నం మునిగిపోయింది" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. "6.40కి నేను చూశాను. మా వీధి చివర కల్వర్టు దగ్గర మోకాలి లోతు నీళ్లు, బండ్లు తిప్పేస్తున్నారు, కార్లు వెళ్తున్నాయి" అంటే పదిమందికి దారి తెలుస్తుంది. నీళ్లు తగ్గాక "8.15కి దారి తెరుచుకుంది" అని కూడా మీరే రాయాలి. మొదటి కబురు చెప్పినవాళ్ల బాధ్యత అది.

కొండవాలు కాలనీల్లో ఉంటే రిటైనింగ్ గోడ బీట తీసినా, వాలు నుంచి బురదనీరు కొత్తగా కారుతున్నా వెంటనే రాయండి. అక్కడ సందేహం ఉన్నా రాయడమే మేలు, "సందేహం" అని రాస్తే చాలు. ఫోటో కోసం మాత్రం దగ్గరికి వెళ్లకండి. బీచ్ రోడ్డుకు అసలే వద్దు.

తెలుగు చదవనివాళ్లు కూడా మన అపార్ట్‌మెంట్లలో ఉంటారు, నేవీ కుటుంబాలు, ఒడిశా నుంచి వచ్చిన వాచ్‌మన్ కుటుంబాలు. అంకెలు అంకెల్లోనే రాస్తే సగం వాళ్లకూ అర్థమవుతుంది. చదువు రానివాళ్ల కోసం ముప్ఫై సెకన్ల వాయిస్ మెసేజ్ ఒకటి పెట్టండి. మిగతావాళ్లకు రాతే మంచిది, సిగ్నల్ సరిగా లేనప్పుడు అక్షరాలే ముందు చేరతాయి.

8. తప్పును సరిదిద్దడం

ఇది అన్నిటికంటే కష్టం. తప్పుడు మెసేజ్ పెట్టింది తరచూ మంచి మనసున్న పెద్దాయనే. అందరి మంచి కోరే పెట్టారు. "ఫేక్! చూసుకుని పెట్టండి" అని అందరి ముందూ అంటే ఆయన నొచ్చుకుంటారు, పైగా వాదనకు దిగుతారు. ఆ వాదనలో అసలు హెచ్చరిక కిందికి జారిపోతుంది.

ముందు ఆయనకు విడిగా రాయండి, లేదా ఫోన్ చేయండి. "అంకుల్, మీరు పెట్టిన వీడియో పాతదని తెలిసింది. ఇప్పటి బులెటిన్ మీకు పంపిస్తున్నాను, మీరే గ్రూపులో పెడితే అందరూ వింటారు." చాలాసార్లు ఆయనే తీసేస్తారు. మెసేజ్‌ను పదిహేను నిమిషాల్లోపు మార్చుకోవచ్చని, ఆ తర్వాత కూడా అందరికీ కనిపించకుండా తీసేయొచ్చని చెప్పండి, చాలామందికి తెలియదు.

ప్రాణం మీదికొచ్చే తప్పయితే ఇంత ఆగకూడదు. "గాలి ఆగింది, అందరూ కిందికి రండి" లాంటిది కనిపిస్తే అక్కడే సరిదిద్దండి, మనిషిని వదిలేసి విషయం మాత్రం రాయండి: "ఇంకా బయటికి రావొద్దండి. 1.30 బులెటిన్ ప్రకారం తుఫాను పూర్తిగా దాటలేదు." ఎవరన్నారో పేరు ఎత్తనక్కర్లేదు. మిమ్మల్ని ఎవరైనా సరిదిద్దితే పాత మెసేజ్ తీసేసి, సరైనది పెట్టి, "థాంక్సండి" అనండి. అక్కడితో ఆపండి, సంజాయిషీలు ఆ రాత్రికి వద్దు.

పదం తప్పు వాడిన ప్రతివారినీ దిద్దుతూ కూర్చోకండి. పెదజాలారిపేట నుంచి ఒకాయన "వాయిగుండం" అని రాసినా, సముద్రం ఎలా ఉందో మనందరికంటే ఆయనకే బాగా తెలుసు. అర్థం చెడితేనే దిద్దండి. ఉచ్చారణనూ యాసనూ ముట్టుకోకండి. "అన్నా, బోట్లు ఒడ్డుకు చేరాయా?" అని అడగండి, ఆయన చెప్పింది చెప్పినట్టు పంచండి.

9. సాయం అడిగేటప్పుడు, తర్వాత

సాయం అడిగే మెసేజ్‌లో మనుషులెందరు, ఏ అంతస్తు, దగ్గరి గుర్తు, ఏం కావాలి, ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో పెట్టండి. గ్రూపుకంటే ముందు 112కి, అంబులెన్సుకైతే 108కి చేయండి. తెగిన కరెంటు తీగ కనిపిస్తే 1912. గ్రూపులో చూసినవాళ్లు "అయ్యో" అనో, చేతులు జోడించిన బొమ్మో పెట్టకుండా, వెళ్లగలిగితే "నేను బయల్దేరాను" అని ఒక్కరు రాస్తే చాలు. గుడ్ మార్నింగ్‌లు, దేవుడి బొమ్మలు ఆ రెండు రోజులు ఆపమని అడ్మిన్ ముందే చెప్పాలి, తర్వాత చెబితే ఎవరో ఒకరు బాధపడతారు.

ఛార్జింగ్ అందరికీ కరువైనప్పుడు ప్రతి మెసేజ్ ఎవరి బ్యాటరీనో కాస్త తింటుంది. తుఫాను వెళ్లాక పిన్ చేసిన పాత హెచ్చరికలు తీసేయండి. సాయం అడిగినవాళ్లు "అందింది" అని రాయండి, లేకపోతే మరో ఇద్దరు అదే ఇంటికి నీళ్లు మోసుకుంటూ వస్తారు. కరెంటు వచ్చిన బ్లాకు, రాని బ్లాకు విడివిడిగా రాసి, ఒకరి పేరు మీదే ఫిర్యాదు చేసి, ఆ ఫిర్యాదు నంబరు గ్రూపులో పెట్టండి.